సీలు వేసిన కవరు వెంట: ఎఫ్‌ఎస్‌ఎల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

నేరవార్తల చివర తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: నమూనాలను ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపించారు, నివేదిక రావాల్సి ఉంది. పాఠకుడు అక్కడ పేజీ తిప్పేస్తాడు. కేసు మాత్రం చాలాసార్లు అక్కడే ఆగుతుంది. నిందితుడు రిమాండులో ఉంటాడు, బాధితుల కుటుంబం స్టేషన్ చుట్టూ తిరుగుతుంది, దర్యాప్తు అధికారి బదిలీ అయిపోతాడు, ఆ నివేదిక మాత్రం రావాల్సే ఉంటుంది. వచ్చిన తర్వాతైనా అది నేరస్థుణ్ణి పట్టి ఇచ్చేస్తుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. నిజానికి ఎఫ్‌ఎస్‌ఎల్ అనే ఆ ఫోరెన్సిక్ ప్రయోగశాల ఎవరు నేరం చేశారో ఎప్పుడూ చెప్పదు. తన ముందుకు వచ్చిన వస్తువు గురించి, తనను అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది. ఆ జవాబుకు కోర్టులో ఎంత విలువ ఉంటుందన్నది కూడా చాలావరకు ఆ వస్తువు ప్రయోగశాల గుమ్మం తొక్కకముందే నిర్ణయమైపోతుంది. అందుకే ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి అక్కడి యంత్రాల జాబితా కంటే సీలు వేసిన ఒక కవరు వెంట నడవడం మేలు.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. మామూలు మాటల్లో ‘ఫోరెన్సిక్ వాళ్లు’ అని ఒకే గాటన కట్టేసే వాళ్లు నిజానికి నాలుగైదు వేర్వేరు వ్యవస్థలకు చెందినవాళ్లు. ఘటనాస్థలానికి వచ్చి ఫొటోలు తీసి, ఆనవాళ్లు సేకరించే క్లూస్ టీమ్ పోలీసు విభాగంతో కలిసి పనిచేస్తుంది. వేలిముద్రలను పోల్చి చూసే పని ఫింగర్‌ప్రింట్ బ్యూరోది. శవపరీక్ష చేసేది ప్రభుత్వ వైద్య కళాశాలలోని ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం వైద్యుడు లేదా ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు. వీళ్లందరూ సేకరించి పంపిన రక్తం, విసెరా (శవపరీక్షలో తీసిన లోపలి అవయవాల భాగాలు), తూటా, ఫోను, సంతకం వంటివాటిని శాస్త్రీయంగా పరీక్షించేది రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ, అంటే ఎఫ్‌ఎస్‌ఎల్. తెలంగాణకు అది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ తన ప్రయోగశాలను తాను కట్టుకోవలసి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రధాన ప్రయోగశాలకు అనుబంధంగా ప్రాంతీయ ప్రయోగశాలలు ఉన్నాయి. రామంతాపూర్‌లోని సీఎఫ్‌ఎస్‌ఎల్ (సెంట్రల్ ఫోరెన్సిక్ లేబొరేటరీ), ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం) కేంద్ర సంస్థలు. ఊళ్లు పక్కపక్కనే ఉన్నా రాష్ట్ర ప్రయోగశాలతో వాటికి పాలనాపరమైన సంబంధం లేదు.

ఈ పని మనకు కొత్తది కాదు. 1849లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఆ రోజుల్లో ప్రధానమైన పని విషప్రయోగాలను పట్టుకోవడం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1952లో ఆ నగరంలోనే దేశంలో మొదటి రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఏర్పడింది. మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. చరిత్ర ఇంతకంటే పొడుగే గాని, మన కవరు కథకు ఇది చాలు.

ఒక హత్య జరిగింది అనుకుందాం. నిందితుడు చూపించిన చోట పొదల్లో కత్తి దొరికింది, ఇంట్లో రక్తపు మరకలున్న చొక్కా దొరికింది. దర్యాప్తు అధికారి ఇద్దరు పంచుల (స్థానిక సాక్షుల) సమక్షంలో పంచనామా రాసి వాటిని స్వాధీనం చేసుకుంటాడు. ఇక్కడి నుంచి ప్రతి అడుగూ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నగా తిరిగి వచ్చేదే. చొక్కా తడిగా ఉంటే నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో కుక్కితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, అందులోని డీఎన్‌ఏ చివికిపోతుంది. కత్తినీ చొక్కానీ ఒకే సంచిలో వేస్తే ఒకదాని మీది రక్తం రెండోదానికి అంటుకుంటుంది. అప్పుడు చొక్కా మీద మృతుడి రక్తం ఉందని ప్రయోగశాల నిక్కచ్చిగా చెప్పినా, అది సంచిలో అంటుకున్నదేనని వాదించడానికి ప్రతివాద న్యాయవాదికి దారి దొరుకుతుంది. ఒక్కో వస్తువుకూ ఒక్కో కవరు, దాని మీద చీటీ, చీటీ మీద పంచుల సంతకాలు, ముడి మీద లక్క, లక్క మీద సీలు. ఆ సీలు నమూనా ముద్రను విడిగా ఒక కాగితం మీద వేసి దాన్ని కూడా జత చేయాలి. ప్రయోగశాల రిసీవింగ్ కౌంటర్‌లో ఉద్యోగి మొట్టమొదట చూసేది లక్క మీది ముద్రా ఆ కాగితం మీది ముద్రా ఒకటేనా, లక్క పగిలిందా అన్నది. పగిలితే ఆ సంగతి రాసుకుంటారు, లేదా పార్సిల్‌ను తిప్పి పంపిస్తారు.

వస్తువుతో పాటు వెళ్లే ఉత్తరాన్ని మన రెండు రాష్ట్రాల్లో ‘లెటర్ ఆఫ్ అడ్వైజ్’ అంటారు. దర్యాప్తు అధికారి దాన్ని తయారుచేసి, సాధారణంగా మేజిస్ట్రేట్ కోర్టు ద్వారా ప్రయోగశాలకు పంపిస్తాడు. కేసు సంక్షిప్త వివరం, ఏ కవరులో ఏముంది, ఏం తెలుసుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. చూడటానికి ఫారం నింపినట్టే ఉంటుంది గాని, దర్యాప్తులో తెలివంతా బయటపడేది ఇక్కడే. ‘ఈ వస్తువు మీద రక్తం ఉందా, ఉంటే మనిషిదా, ఏ గ్రూపుది?’ అని మాత్రమే అడిగితే, ఉంది, మనిషిదే, ఓ పాజిటివ్ అని జవాబు వస్తుంది. జనాభాలో ఎందరిదో అదే గ్రూపు. నిందితుడిదీ మృతుడిదీ కూడా అదే అయితే ఆ నివేదిక కోర్టులో అక్కరకు రాదు. ఆ మరక మృతుడి డీఎన్‌ఏతో సరిపోలుతుందా అని అడిగి, శవపరీక్షలో తీసిన రక్త నమూనాను జతచేసి ఉంటే కథ వేరు. ఎవరో ఎప్పుడో తయారుచేసిన ప్రశ్నల నమూనాను కేసు తర్వాత కేసులో యథాతథంగా దింపుకోవడం మన స్టేషన్లలో పాతుకుపోయిన అలవాటు. ప్రయోగశాల అడగనిదానికి జవాబు చెప్పదు, చెప్పకూడదు కూడా.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ తొలిదశను మార్చాలని చూసింది. 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడదగిన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి స్వయంగా వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ ప్రక్రియను వీడియో తీయాలి. ఇది అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. సోదాలను, స్వాధీనాలను ఆడియో, వీడియోల్లో రికార్డు చేయాలని 105 సెక్షన్ చెబుతోంది. మంచి మార్పే. అయితే ఏడేళ్ల శిక్ష అనే గీత కింద హత్యలు, అత్యాచారాలే కాదు, దోపిడీలు, వరకట్న మరణాలు, నమ్మకద్రోహాల్లో కొన్ని కూడా వచ్చేస్తాయి. ప్రతి మండలంలో ప్రతి కేసుకూ వెళ్లగలిగినంత మంది శిక్షణ పొందిన మనుషులు కావాలి. యంత్రం టెండరు పిలిస్తే వస్తుంది, మనిషి తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. పల్లెల నుంచి వచ్చే కేసుల్లో విషానికి ఇప్పటికీ పెద్దపీటే. శవపరీక్ష చేసిన వైద్యుడు కడుపు, అందులోని పదార్థం, పేగు ముక్క, కాలేయం, మూత్రపిండాల భాగాలు తీసి గాజుసీసాల్లో పెట్టి, గాఢమైన ఉప్పునీళ్లు పోసి పంపిస్తాడు. విసెరా అనేది దీన్నే. ఆ ఉప్పునీళ్లనే విడిగా మరో సీసాలో పోసి పంపాలన్నది నియమం. విషం దేహంలోదా, వాడిన ఉప్పునీళ్లలోదా అన్న సందేహానికి ముందే ఇచ్చుకునే సమాధానం అది. ప్రయోగశాలలో ఆ కణజాలాన్ని మెత్తగా చేసి, ద్రావణాలతో అందులోని రసాయనాలను బయటకు లాగి, మొదట పలుచని పొర క్రొమటోగ్రఫీ మీద పరీక్షిస్తారు. గాజు పలక మీద సిలికా పొర పూసి అడుగున చుక్క పెడితే, ద్రావణం పైకి పాకుతూ ఒక్కో రసాయనాన్ని ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. ఖరీదైన యంత్రం ఏదీ లేని రోజుల్లో పనికొచ్చిన ఈ పలకే నేటికీ రోజువారీ పనిలో ముందు నిలుస్తోంది. ఏం దొరికిందో నిర్ధారించుకోవడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు వస్తాయి. మనవైపు ఎక్కువగా దొరికేవి పురుగుమందులు: ఆర్గానోఫాస్ఫేట్లు, గుళికల మందు, కలుపు మందులు. తెలంగాణలో కల్తీ కల్లు కేసులుంటే అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాల కోసం వెదకాలి.

‘విషం కనబడలేదు’ అని నివేదిక వస్తే విషం పెట్టలేదని అర్థం కాదు. ఇది పత్రికలూ ప్రజలూ కొన్నిసార్లు పోలీసులు కూడా పొరబడే చోటు. బాధితుడు రెండు రోజులు ఆసుపత్రిలో చికిత్స పొంది మరణిస్తే విషం చాలావరకు విరిగిపోయి ఉండవచ్చు. దేహం కుళ్లిపోయాక కొన్ని రసాయనాలు మిగలవు. కొన్ని విషాలను వెదకాలంటే ఫలానాదాని కోసమే ప్రత్యేకంగా వెదకాలి. 1960లో అనంత్ చింతామణ్ లగూ కేసులో దేహంలో విషం రసాయనికంగా దొరకకపోయినా ఇతర పరిస్థితులను బట్టి విషప్రయోగం రుజువైందని సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. అందుకే వైద్యుడు తన అభిప్రాయంలో చికిత్స వివరాలు, లక్షణాలు, వాసన, కడుపులోని పదార్థం రంగు రాయడం ముఖ్యం. ఎక్కడ వెదకాలో ప్రయోగశాలకు తెలిసేది వాటివల్లనే.

పాఠకులందరికీ పరిచయమున్న ఒక రసాయనం ద్వారా ఈ పనిలో కొలతను దగ్గరగా చూడవచ్చు. అవినీతి నిరోధక శాఖ ట్రాప్ కేసుల్లో నోట్ల మీద పినాఫ్తలీన్ పొడి రాస్తారు. తెల్లని, వాసన లేని పొడి. లంచం తీసుకున్న అధికారి చేతివేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు. నెలలు గడిచాక సీసా తెరిచేసరికి రంగు వెలిసిపోయి ఉండటం మామూలే. ప్రతివాదులు దాన్ని పట్టుకుని వాదించడం కూడా మామూలే. రంగు పోయినా పినాఫ్తలీన్ పోదు, దాన్ని విడిగా గుర్తించవచ్చు. అయితే ఆ నివేదిక రుజువు చేసేది ఒక్కటే: ఆ వేళ్లు ఆ పొడికి తగిలాయి. డబ్బు అడిగాడా, అడిగితేనే ఇచ్చారా అన్నది ప్రయోగశాల చెప్పలేదు. అడగడమూ తీసుకోవడమూ రెండూ రుజువు కావలసిందేనని 2022లో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మరో విశేషం ఏమిటంటే, ఇదే రసాయనం రంగులేని రూపంలో రక్తపు మరకలను గుర్తించడానికి వాడతారు. మరక మీద దీన్ని, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వేస్తే హిమోగ్లోబిన్ సాయంతో గులాబీ రంగు వస్తుంది. ముల్లంగి రసం లాంటివి కూడా ఈ రంగు తెప్పించగలవు. కనుక ఇది తొలి పరీక్ష మాత్రమే. రక్తమేనా, మనిషిదేనా అన్నది తర్వాతి పరీక్షలు తేల్చాలి. తొలి పరీక్ష ఫలితాన్ని తుది ఫలితంలా రాసిన పంచనామాలు కోర్టుల్లో ఎదురుదెబ్బలు తింటాయి.

గంజాయి కేసుల్లో చట్టమే ప్రయోగశాలకు సూక్ష్మమైన ప్రశ్న వేస్తుంది. మత్తుమందుల నిరోధానికి ఉద్దేశించిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత లేదా కాయల కొసలు. కొసలు జతలేని విత్తనాలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. మన్యం నుంచి బస్తాల్లో దిగివచ్చే సరుకులో కొమ్మ, ఆకు, పూత కలగలిసి ఉంటాయి. కొసలు ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు మీద పదేళ్ల శిక్ష ఆధారపడుతుంది. నివేదికలో ‘ఇది గంజాయి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సరిపోదు. ఏం చూశారో, ఏ పరీక్ష చేశారో రాయాలి. ఈ కేసుల్లో ప్రయోగశాల ఆలస్యం ఎంత అన్యాయానికి దారితీస్తుందో 2013లో థానా సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చూసింది. నమూనా మళ్లీ పరీక్షించమని కోరడానికి నిందితుడికి నివేదిక అందిన 15 రోజులే గడువు అన్నది, అదీ అరుదైన పరిస్థితుల్లోనే అన్నది కూడా ఆ తీర్పులోని మాటే.

డీఎన్‌ఏ గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాద్‌ను దాటిపోలేం. బ్రిటన్‌లో ఆలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను కనిపెట్టిన కొద్ది సంవత్సరాలకే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్‌జీ సింగ్ బృందం సొంత ప్రోబ్‌తో (డీఎన్‌ఏలో కావలసిన చోటును పట్టించే ముక్కతో) ఆ పరీక్షను ఇక్కడ నిలబెట్టింది. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ, ఢిల్లీ తందూరు హత్య కేసులోనూ ఆ నైపుణ్యం అక్కరకు వచ్చింది. ఇప్పుడు రాష్ట్ర ప్రయోగశాలలు వాడేది వేరే పద్ధతి. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల చిన్న చిన్న ముక్కలు పదేపదే వస్తుంటాయి, ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అలాంటి 20కి పైగా చోట్లను పీసీఆర్ పద్ధతిలో, అంటే వాటికి లెక్కలేనన్ని ప్రతులు తయారుచేసి, లెక్కపెడతారు. రెండు నమూనాలు అన్ని చోట్లా సరిపోలితే, సంబంధం లేని మరో మనిషికి అదే లెక్క వచ్చే అవకాశం అత్యల్పం అని నివేదిక చెబుతుంది. ఈ వాక్యాన్ని ‘నిందితుడు నిర్దోషి అయ్యే అవకాశం అత్యల్పం’ అని చదివితే తప్పు. ఆ మరక అతనిదే కావచ్చు, అది అక్కడికి ఎలా, ఎప్పుడు వచ్చిందన్నది వేరే ప్రశ్న. 2013 అక్టోబరులో పాలెం వద్ద బస్సు కాలిపోయి 45 మంది మరణించినప్పుడూ, 2025 అక్టోబరులో కర్నూలు వద్ద బస్సు దగ్ధమైనప్పుడూ గుర్తుపట్టలేని దేహాలను కుటుంబాలకు అప్పగించగలిగింది ఈ పరీక్ష వల్లనే. అక్కడ నేరస్థుడి ప్రశ్న లేదు, ఎవరి బిడ్డ ఎవరన్న ప్రశ్నే ఉంది. ప్రయోగశాల చేసే పనిలో ఇంత నిష్కల్మషమైనది మరొకటి ఉండదనిపిస్తుంది.

కోర్టులు మాత్రం డీఎన్‌ఏ అనగానే తల ఊపే రోజులు పోయాయి. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో ముగ్గురికి కింది కోర్టు వేసిన మరణశిక్షను 2022 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నమూనాలు పది రోజులకు పైగా పోలీసు మాల్‌ఖానాలోనే (స్వాధీన వస్తువులు దాచే గదిలోనే) ఉండిపోవడం, నిపుణుడు ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చాడో కింది కోర్టులు పరిశీలించకపోవడం అందుకు కారణాల్లో కొన్ని. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన మరో కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలే ఇచ్చింది. డీఎన్‌ఏ నమూనాను 48 గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి, సేకరణ నుంచి తీర్పు దాకా అది ఎవరి చేతుల్లో ఎప్పుడు ఉందో రిజిస్టరు ఉండాలి అన్నవి అందులో ప్రధానం. గమనిస్తే ఈ తీర్పుల్లో తప్పుబట్టినవాటిలో చాలావరకు డీఎన్‌ఏను చదివే సీక్వెన్సర్ యంత్రానికి సంబంధించినవి కావు. కవరు, సీలు, రోజులు, రిజిస్టరు, వివరణ.

ఫోన్ల సంగతి క్లుప్తంగా. ఇప్పుడు ప్రతి కేసులోనూ ఒక ఫోను ఉంటుంది. స్వాధీనం చేసుకోగానే నెట్‌వర్క్ నుంచి వేరు చేయకపోతే దూరం నుంచే అందులోని సమాచారం చెరిపేయవచ్చు. అసలు పరికరం మీద పని చేయకుండా, అందులో ఏమీ రాయనివ్వని సాధనం ద్వారా ప్రతి తీసి, ఆ ప్రతికి హ్యాష్ విలువ (అందులోని సమాచారం నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య) కడతారు. ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్‌కు చోటు కల్పించారు.

చేతిరాత విభాగానికి మన పల్లెల్లో ప్రత్యేకమైన గిరాకీ ఉంది. ‘ప్రామిసరీ నోటు మీది సంతకం నాది కాదు’ అన్న వాదన వినని మున్సిఫ్ కోర్టు తెలుగు నేల మీద ఉండదు. పోల్చి చూడటానికి అదే కాలంలో చేసిన నిజమైన సంతకాలు కావాలి. కోర్టులో ఇవాళ నిలబెట్టి చేయించిన సంతకం, పదేళ్ల కిందటి సంతకం ఒకే తీరులో ఉండవు. సిరా ఏ సంవత్సరంలో పడిందో చెప్పమని కోరే పిటిషన్లు కూడా తరచుగా వస్తాయి, అది తేల్చి చెప్పడం చాలా కష్టం. చేతిరాత నిపుణుడి మాటను ఎంత నమ్మాలన్న దానిపై 1980లో మురారిలాల్ కేసులో తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. నిపుణుణ్ణి నేరంలో పాలుపంచుకున్నవాడి సాక్ష్యంలా అనుమానంతో చూడనక్కర్లేదని, అయితే చేతిరాత శాస్త్రం పూర్తి కచ్చితత్వానికి చేరలేదు గనుక జాగ్రత్త అవసరమని ఆయన తేల్చారు. నలభై ఏళ్లు దాటినా ఆ తూకం చెడలేదు.

నార్కో పరీక్ష (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం) చేస్తే నిజం కక్కేస్తాడన్న మాట ప్రతి సంచలన కేసులోనూ వినిపిస్తుంది. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు వ్యక్తి సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), మెదడు తరంగాల పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పింది. సమ్మతితో చేసినా అందులో చెప్పిన మాటలు నేరుగా సాక్ష్యం కావు. వేలిముద్ర, చేతిరాత నమూనా అలా కాదు. వాటిని ఇవ్వడం తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే కథీ కాలూ ఒఘడ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తులు తేల్చారు. 2019లో గొంతు నమూనా కూడా ఆ కోవలో చేరింది.

పరీక్ష పూర్తయి నివేదిక కోర్టుకు చేరాక మరో అంకం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 293 సెక్షన్, ఇప్పటి సురక్షా సంహితలోని 329 సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రయోగశాల డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ల నివేదికను నిపుణుణ్ణి బోనులోకి పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. అవసరమనుకుంటే కోర్టు పిలవచ్చు. పిలిస్తే శాస్త్రవేత్తకు ఆ రోజంతా పోయినట్టే. ప్రయాణం, నిరీక్షణ, వాయిదా, మళ్లీ సమన్లు. బల్ల మీద పెండింగ్ కవర్లు అలాగే ఉంటాయి. ఈ నష్టం ఏ గణాంకాల్లోనూ కనిపించదు. వీడియో కాన్ఫరెన్సు ద్వారా సాక్ష్యం తీసుకోవడం ఎంత పెరిగితే అంత మేలు. అయితే ఎప్పుడూ పిలవకపోవడం కూడా మంచిది కాదు. ఎలా తేల్చారని ఎవరూ అడగని చోట రెండు వాక్యాల నివేదికలు అలవాటైపోతాయి. ఛావ్లా తీర్పు చూపించినది ఆ ప్రమాదాన్నే.

ఆలస్యానికి అసలు కారణం ఏమిటని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు నిధులు. కేంద్రం 2024 జూన్‌లో జాతీయ ఫోరెన్సిక్ మౌలిక వసతుల విస్తరణ పథకానికి 2028-29 దాకా రూ. 2,254.43 కోట్లు కేటాయించింది. కొత్త కేంద్ర ప్రయోగశాలలకు, ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ప్రాంగణాలకు అది ఉపయోగపడుతుంది. రాష్ట్ర ప్రయోగశాలల్లో ఉద్యోగాల భర్తీ మాత్రం రాష్ట్రాల చేతిలోని పని. భవనం ప్రారంభోత్సవానికి వచ్చినంత ఉత్సాహం నియామక ప్రకటనకు రాదు. ఒప్పంద ఉద్యోగి చేసిన పరీక్షకు ఐదేళ్ల తర్వాత కోర్టులో ఎవరు జవాబు చెప్పాలి? పైగా రిమాండైన నాటి నుంచి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కవుతుంది. కాబట్టి పోలీసులు ఎఫ్‌ఎస్‌ఎల్ నివేదిక రాకుండానే చార్జిషీటు వేసి, నివేదికను తర్వాత జతచేస్తామంటారు. మత్తుమందుల కేసుల్లో ఇలాంటి చార్జిషీటు సంపూర్ణమా కాదా అన్న విషయంలో హైకోర్టులు వేర్వేరు దారుల్లో నడిచాయి.

మరో ప్రశ్న కూడా అడగాలి. చాలా రాష్ట్రాల్లో ప్రయోగశాల పోలీసు శాఖను నడిపే హోంశాఖ కిందే ఉంటుంది. కవరు పంపేవాడూ పరీక్షించేవాడూ ఒకే ఇంటివాళ్లయితే, నిజాయితీగా చేసిన పరీక్షను కూడా అనుమానించడానికి సందు దొరుకుతుంది. అమెరికాలో జాతీయ శాస్త్ర అకాడమీ 2009లో ప్రయోగశాలలను పోలీసుల అజమాయిషీ నుంచి తప్పించాలని సిఫారసు చేసింది. మసాచుసెట్స్‌లో ఒక మత్తుమందుల ప్రయోగశాల ఉద్యోగి పరీక్షించకుండానే ఫలితాలు రాసిన సంగతి బయటపడి, 2017లో 21 వేలకు పైగా కేసులు కొట్టేయవలసి వచ్చింది. మన దగ్గర ప్రయోగశాలలను వాటి ప్రమాణాలను తనిఖీ చేసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు పరిధిలోకి తేవడం ఒక రక్షణ. ప్రతివాది తరఫు నిపుణుడికి పరీక్ష తాలూకు మూల సమాచారం చూసే వీలు కల్పించడం అంతకంటే పెద్ద రక్షణ, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పరీక్షకు వాడగా మిగిలిన వస్తువుకు ప్రయోగశాల తన సీలు వేసి తిరిగి కోర్టుకు పంపిస్తుంది. అక్కడ దానికి ఎం.ఓ. (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే భౌతిక ఆధారం) నంబరు పడుతుంది. తీర్పు చివరి పేజీలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: అప్పీలు గడువు ముగిశాక ఎం.ఓ.లను ధ్వంసం చేయవలెను. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఒక హాస్టల్లో విద్యార్థిని హత్యకు గురైంది. డీఎన్‌ఏ నివేదిక ప్రాసిక్యూషన్ ప్రధాన ఆధారాల్లో ఒకటి కాగా, 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అసలు హంతకుడెవరో తేల్చమని 2018లో కేసును సీబీఐకి అప్పగించేనాటికి, ఆ కేసు భౌతిక ఆధారాలు కింది కోర్టులో ధ్వంసమైపోయాయని తేలింది. పరీక్షించడానికి కవరు మిగల్లేదు. 2019 డిసెంబరులో సమాధి తవ్వి, పన్నెండేళ్ల తర్వాత మిగిలిన అవశేషాలకు మళ్లీ శవపరీక్ష చేశారు.